ప్యాసివ్ రేడియేటర్‌తో ఇంట్లో లోతైన బేస్: పీఆర్ ఎంచుకోవడం, బరువు కట్టడం, ట్యూన్ చేయడం

సబ్‌వూఫర్ మాట ఎత్తగానే ఎవరైనా ముందు అడిగేది ఎన్ని వాట్సు, ఎన్ని ఇంచులు అనే. ప్యాసివ్ రేడియేటర్ (పీఆర్) ఉన్న సబ్ దగ్గర మాత్రం ఆ రెండు ప్రశ్నలూ కాసేపు పక్కన పెట్టండి. సినిమా చూస్తుంటే 20-25 హెర్ట్జ్ దగ్గర సోఫాలోంచి ఒంటికి తగిలే ఆ వణుకు ఉంది చూశారా, అది ఆంప్ (యాంప్లిఫయర్) నుంచి వైరు కలిపిన డ్రైవర్, అంటే అసలు స్పీకర్, పుట్టించేది కాదు, అసలు వైరే లేని ఆ రెండో కోన్ పుట్టించేది. అందుకే ముందు మంచి డ్రైవర్, పెద్ద ఆంప్ కొనేసి చివర్లో మిగిలిన డబ్బుతో ఏదో ఒక పీఆర్ తగిలించే పద్ధతి నాకు నచ్చదు, తిరగేసి చేయాలి, పీఆర్ ఎంత గాలి తొయ్యగలదో ముందు తేల్చుకుని దానికి తగ్గ డ్రైవర్ చూసుకోవాలి. లెక్కలు కొన్ని ఉంటాయి, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

అసలు ఇదేం చేస్తుంది

పీఆర్ చూడ్డానికి మామూలు స్పీకర్ లాగే ఉంటుంది, కోన్ ఉంటుంది, చుట్టూ రబ్బరు సరౌండ్ ఉంటుంది, వెనక మ్యాగ్నెట్టూ వాయిస్ కాయిలూ మాత్రం ఉండవు. జేబీఎల్ ఛార్జ్ లాంటి బ్లూటూత్ స్పీకర్లకి రెండు చివర్లా దడదడ కొట్టుకునే బిళ్ళలు చూసే ఉంటారు, అవే ఇవి. కొత్త సరుకేం కాదు, అమెరికా రేడియో కంపెనీ ఆర్‌సీఏలో ఇంజినీరు హ్యారీ ఓల్సన్‌కి 1935లోనే దీని మీద పేటెంట్ వచ్చింది, 1974లో ఆడియో ఇంజినీరు రిచర్డ్ స్మాల్ లెక్కలన్నీ పద్ధతిగా పేర్చి పెట్టాడు. 1990ల్లో అమెరికన్ ఆడియో డిజైనర్ బాబ్ కార్వర్ చేసిన సన్‌ఫైర్ సబ్ 11 అంగుళాల క్యూబ్‌లో వచ్చినప్పుడు ఒక వైపు డ్రైవర్, ఇంకో వైపు పీఆర్ ఉన్నాయి, అంత బుల్లి డబ్బాలోంచి అంత బేస్ ఏంట్రా అని జనం నోరెళ్ళబెట్టారు.

పనిచేసే తీరు ఇది. డబ్బాలో బంధించిన గాలి స్ప్రింగులా ఉంటుంది, పీఆర్ కోన్ ఆ స్ప్రింగుకి కట్టిన బరువు. రబ్బరు బ్యాండుకి రాయి కట్టి ఊపితే ఎలాగైతే దానికంటూ ఒక లయ ఉంటుందో, రాయి బరువు పెంచితే ఆ లయ ఎలా నెమ్మదిస్తుందో, ఇక్కడా అంతే. ఆ లయనే ట్యూనింగ్ అంటాం. సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర డ్రైవర్ కోన్ దాదాపు కదలదు, పీఆర్ మాత్రం ఊగిపోతుంది, శబ్దమంతా దాని నుంచే వస్తుంది. పోర్ట్, అంటే గాలి పోయే పైపు, పెట్టిన డబ్బాలో ఆ పైపులో ఉన్న గాలి ముద్ద చేసే పనే ఇది, గాలి బదులు ఘనమైన బరువు పెట్టామంతే.

మరి పోర్టే పెట్టుకోవచ్చుగా, పైపు ముక్క వంద రూపాయలకి వస్తుంది కదా అంటారు. పెట్టుకోవచ్చు, డబ్బా పెద్దదైతే. 30 లీటర్ల డబ్బాని 22 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలంటే 4 అంగుళాల పైపు దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవు కావాలి. ఆ పైపు ఒక్కటే 12 లీటర్ల చోటు తినేస్తుంది, 30 లీటర్ల డబ్బాలో దాన్నెక్కడ మడతపెట్టి కుక్కుతారు? పైగా అంత పొడుగు పైపుకి తనదైన కూత ఒకటి ఉంటుంది, అది 110 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సరిగ్గా క్రాసోవర్‌కి (సబ్ ఆగి మిగతా స్పీకర్లు అందుకునే ఫ్రీక్వెన్సీకి) కాస్త పైన పడుతుంది. సన్న పైపు వేస్తే పొడవు తగ్గుతుంది గానీ వాల్యూమ్ పెంచగానే బుస్ బుస్ మని గాలి చప్పుడు మొదలవుతుంది. చిన్న డబ్బాలో లోతైన ట్యూనింగ్ కావాలంటే పీఆర్ తప్ప వేరే దారి పెద్దగా లేదు, అందుకే దానికి అంత డబ్బు.

ముందు మీకు ఇది కావాలా వద్దా తేల్చుకోండి

మీరు వినేది ఎక్కువగా పాటలే అయితే నిజాయితీగా చెప్తున్నా, ఇంత తతంగం అక్కర్లేదు. బేస్ గిటార్‌లో కింది తీగ 41 హెర్ట్జ్, 5 తీగల గిటార్ అయితే 31, డ్రమ్ కిట్‌లో కిక్ దెబ్బ అంతకంటే పైనే, డప్పు ఇంకా పైన. ఒక మంచి సీల్డ్ సబ్, అంటే పోర్టూ పీఆరూ లేకుండా పూర్తిగా మూసేసిన డబ్బా, ఇవన్నీ హాయిగా లాగేస్తుంది, డబ్బా చిన్నది, తప్పు జరిగే చోట్లు తక్కువ. సినిమాలు ఎక్కువ చూస్తారు, ఎల్‌ఎఫ్‌ఈ ట్రాక్‌లో (సినిమా సౌండ్‌లో బేస్‌కే విడిగా ఉండే ట్రాక్) 20-30 మధ్య ఉన్నది కూడా రావాలి, హాల్లో పెద్ద డబ్బా పెడితే ఇంట్లో ఒప్పుకోరు, ఈ మూడూ కలిసినప్పుడు పీఆర్‌కి వెళ్ళండి.

ఇంకోటి, మన ఫ్లాట్ల సంగతి. అమెరికన్ వీడియోల్లో చూపించే గదులు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టినవి, బేస్ సగం గోడల్లోంచి కారిపోతుంది. మనవి ఇటుక, కాంక్రీటు, కింద టైల్స్, లోపలి బేస్ లోపలే ఉంటుంది. 12 అడుగులకి 14 అడుగుల గది తలుపులు మూసేస్తే 40 హెర్ట్జ్ కింద గదే కొంత లిఫ్ట్ ఇస్తుంది. అందుకని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అలాంటి గదికి సబ్ చేసుకుంటూ విదేశీ డిజైన్‌ని ఉన్నదున్నట్టు దించితే 35-45 మధ్య బూం బూం మంటూ తల నొప్పి తెప్పిస్తుంది. ట్యూనింగ్‌ని 28, 30 దగ్గర కాకుండా 20-22 దగ్గరికి దించితే డబ్బా స్పందన పై నుంచే మెల్లగా వాలుతూ వస్తుంది, ఆ వాలుని గది ఎత్తి పట్టుకుంటుంది, రెండూ కలిసి చదునుగా తేలతాయి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా 22 హెర్ట్జ్ గురి పెట్టుకునే.

మొదటి పని: ఎంత గాలి తొయ్యాలో లెక్క

డేటాషీట్‌లో రెండు నంబర్లు వెతకండి, ఎస్‌డీ అంటే కోన్ వైశాల్యం, ఎక్స్‌మ్యాక్స్ అంటే ఒక వైపుకి కోన్ ఎంత దూరం శుభ్రంగా కదలగలదు అని. రెండూ గుణిస్తే తొయ్యగలిగే గాలి వస్తుంది. ఉదాహరణకి ఒక 10 అంగుళాల డ్రైవర్, ఎస్‌డీ 330 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ 12 ఎంఎం అనుకోండి, 330 ఇంటూ 1.2, సుమారు 400 సీసీ. పీఆర్ తరఫున కనీసం దీనికి రెట్టింపు ఉండాలి, అంటే 800 సీసీ. ఇది ఎక్కడా రాజీ పడకూడని నంబరు.

ఇప్పుడు 10 అంగుళాల డ్రైవర్‌కి అదే సైజు పీఆర్ ఒక్కటి పెట్టారనుకోండి, దాని ఎక్స్‌మ్యాక్స్ 15 ఎంఎం ఉన్నా 500 సీసీ దగ్గర చేతులెత్తేస్తుంది, డ్రైవర్‌లో ఇంకా దమ్ము మిగిలుండగానే పీఆర్ చివరికి కొట్టుకుని టప్ మంటుంది. 12 అంగుళాలది, ఎస్‌డీ 500, ఎక్స్‌మ్యాక్స్ 18 ఎంఎం అయితే 900 సీసీ, సరిపోయింది. లేదా 10 అంగుళాలవి రెండు పెట్టుకుంటే 990 సీసీ, అదీ బాగానే ఉంది.

ఈ లెక్క వల్ల వినికిడిలో ఎంత తేడా అంటారా, పై డ్రైవర్‌నే సీల్డ్ డబ్బాలో పెట్టి 22 హెర్ట్జ్ దగ్గర చివరి దాకా తోస్తే మీటరు దూరంలో, గది సాయం లేకుండా, 94 డీబీ చుట్టూ ఆగిపోతుంది. అదే డ్రైవర్, 900 సీసీ పీఆర్‌తో ట్యూన్ చేస్తే 101 దాకా వెళ్తుంది. ఆ 7 డీబీ మీ ఆంప్ ఇచ్చింది కాదు, సీల్డ్ డబ్బాకి 1000 వాట్ల ఆంప్ పెట్టినా రాదు, కోన్ కదలడానికి చోటు అయిపోయాక వాట్లు ఏం చేసుకుంటాం. అలాగని పీఆర్ అన్ని చోట్లా గెలవదు, ట్యూనింగ్ కిందకి వెళ్ళగానే శబ్దం ఆక్టేవ్‌కి (అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డీబీ కంటే వేగంగా పడిపోతుంది, సీల్డ్ అయితే 12 డీబీ చొప్పునే పడుతుంది, అందుకే 12-15 హెర్ట్జ్ దగ్గర మళ్ళీ సీల్డ్‌దే పైచేయి.

పీఆర్ కొనేటప్పుడు చూడాల్సినవి

ఎక్స్‌మ్యాక్స్ చూశారు, తర్వాత చూడాల్సింది దాని ఎఫ్‌ఎస్, అంటే డబ్బాలో పెట్టకుండా గాల్లో దాని సొంత రెజొనెన్స్ (దానంతట అది ఊగే లయ). ఇది చాలామంది పట్టించుకోరు గానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర డ్రైవర్ ఎంత ముందుకొస్తే పీఆర్ అంత లోపలికి పోతుంది, ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, గ్రాఫ్‌లో అక్కడ గుంట పడుతుంది. పోర్ట్ డబ్బాలో ఈ గుంట ఉండదు, ఇది పీఆర్‌కే ఉన్న జబ్బు. గుంట ఎంత కిందుంటే అంత మంచిది, బరువు కట్టాక ఎఫ్‌ఎస్ మీ ట్యూనింగ్‌లో సగం కంటే తక్కువ ఉండేలా చూసుకోండి, 22కి ట్యూన్ చేస్తే 10 లోపు అన్నమాట. సస్పెన్షన్ (కోన్‌ని పట్టి ఉంచి వెనక్కి లాగే భాగం) బిగుసుగా ఉన్న చవక పీఆర్‌కి 16-17 దగ్గర గుంట పడితే 22 దగ్గర కూడా దాని ప్రభావం తెలుస్తుంది, బేస్ ఉన్నట్టుండి తెగ్గొట్టినట్టు ఉంటుంది.

సరౌండ్ రబ్బరుదే తీసుకోండి, ఫోమ్ వద్దు. మన ఎండలకీ, కోస్తాలో తేమకీ ఫోమ్ కొన్నేళ్ళకి పొడి పొడిగా రాలిపోతుంది. డేటన్ ఆడియోలో ఆర్‌ఎస్‌ఎస్ సిరీస్ పీఆర్‌లు 10, 12, 15 అంగుళాల్లో ఉన్నాయి, ఎర్త్‌క్వేక్ వాళ్ళ స్లాప్స్ అని ఇంకో రకం ఉంది, వీటిని తెప్పించుకుంటే షిప్పింగూ కస్టమ్స్ డ్యూటీ కలిపి లెక్కేసుకోండి, ఒక్కోసారి డ్రైవర్ కంటే పీఆర్‌కే ఎక్కువవుతుంది.

కాలిపోయిన పాత వూఫర్‌ని పీఆర్‌గా వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. కాయిల్ తెగిపోయి ఓపెన్ అయిన వూఫర్ అయితే కదులుతుంది, నేర్చుకోడానికి బాగుంటుంది, ట్యూనింగ్ అంటే ఏంటో చేత్తో అర్థమవుతుంది. కానీ మామూలు వూఫర్ కదలిక 5-6 ఎంఎం మించదు, స్పైడర్ (కోన్‌ని వెనక నుంచి పట్టే ముడతల గుడ్డ) బిగుసుగా ఉంటుంది, సీరియస్‌గా సినిమాలకైతే పనికిరాదు. కాయిల్ షార్ట్ అయిన వూఫర్ అయితే అస్సలు వద్దు, మ్యాగ్నెట్ మధ్యలో అదే బ్రేకు వేస్తుంది.

డబ్బా

మన ఉదాహరణకి 30 లీటర్లు నికరంగా కావాలి, డ్రైవర్, పీఆర్ చట్రం, లోపలి అడ్డపట్టీలు కలిపి నాలుగు లీటర్లు పోతాయనుకుంటే 34 లీటర్లు. 18 ఎంఎం ఎండీఎఫ్‌తో బయటి కొలత 36 సెంటీమీటర్ల క్యూబ్ చేయిస్తే లోపల 32.4 వస్తుంది, దాని ఘనం సరిగ్గా 34 లీటర్లు. కార్పెంటర్‌కి బయటి కొలతా లోపలి కొలతా రెండూ రాసివ్వండి, నోటి మాటగా చెప్తే ఏదో ఒకటి తారుమారవుతుంది. ఎండీఎఫ్ కోసిన అంచులకి సీలర్ కొట్టించండి, లేకపోతే వర్షాకాలంలో అంచులు ఉబ్బుతాయి, ఉబ్బితే జాయింట్ లీక్.

పీఆర్ ఏ గోడకి పెట్టాలన్నది ఇక్కడే ఆలోచించుకోవాలి, కోసేశాక లాభం లేదు. కింద వైపుకో పై వైపుకో మాత్రం పెట్టొద్దు. బరువు కట్టిన కోన్ పడుకోబెడితే కిందికి జారుతుంది, ఎంత జారుతుందన్నది కేవలం ఎఫ్‌ఎస్ మీదే ఆధారపడుతుంది, 10 హెర్ట్జ్ అయితే రెండున్నర ఎంఎం, 8 హెర్ట్జ్ అయితే దాదాపు 4 ఎంఎం. అంటే పాట పెట్టకముందే మీ ఎక్స్‌మ్యాక్స్‌లో ఒక వైపు అంత మేర ఖర్చైపోయింది, ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు సాగి ఇంకా జారుతుంది. నిలువు గోడకే పెట్టండి.

పక్క గోడకి 12 అంగుళాల పీఆర్ పెడితే ఇంకో చిక్కుంది, ఈ క్యూబ్‌లో డ్రైవర్ మ్యాగ్నెట్ సరిగ్గా డబ్బా నడిమధ్యకి వస్తుంది, పక్క గోడ నుంచి దానికి ఉండే దూరం 8 సెంటీమీటర్లు, అంతలో పీఆర్ లోతు, వెనక బోల్టు, వాషర్లు, పైన ఇంకో 2 సెంటీమీటర్ల కదలిక, ఎక్కడ పడతాయి? తగులుతుంది. ఎదురు గోడకి, అంటే డ్రైవర్‌కి సరిగ్గా వెనక పెడితే 17 సెంటీమీటర్లు దొరుకుతాయి. అప్పుడు డబ్బాకే బిగించే ప్లేట్ ఆంప్‌కి వెనక చోటుండదు, ఆంప్ బయటే విడిగా పెట్టుకోండి, నాకైతే అదే మేలనిపిస్తుంది, వేడీ వణుకూ రెండూ తగ్గుతాయి.

రెండు పీఆర్‌లు పెట్టే ఓపిక ఉంటే అసలు మజా అది. ముప్పావు కిలో పీఆర్ ఒక్కటే 22 హెర్ట్జ్ దగ్గర 10 ఎంఎం ఊగితే డబ్బాని తోసే బలం సుమారు 14-15 కిలోల బరువంత ఉంటుంది, అదీ సెకనుకి 22 సార్లు, అటూ ఇటూ. టైల్స్ మీద సబ్ తనంతట తనే నడుచుకుంటూ పోతుందంటే ఇందుకే. రెండు పీఆర్‌లని ఎదురెదురు గోడలకి పెడితే రెండూ ఒకేసారి బయటికొస్తాయి ఒకేసారి లోపలికెళ్తాయి, ఆ తోపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, డబ్బా మీద గ్లాసు నీళ్ళు పెట్టినా అంతగా తొణకవు. దీనికి డబ్బా అదే 34 లీటర్లు ఉంచుతూ కాస్త పొడవుగా చేయించాలి, డ్రైవర్ ఒక చివర, పీఆర్‌లు రెండు పక్కలా ఇంకో చివర.

బరువు లెక్క

సూత్రం చిన్నదే. ఎస్‌డీని చదరపు సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి, 36తో గుణించండి, వచ్చినదాన్ని లీటర్లతోనూ, ఫ్రీక్వెన్సీని ఫ్రీక్వెన్సీతో గుణించిన నంబరుతోనూ భాగించండి, జవాబు గ్రాముల్లో వస్తుంది. మన 12 అంగుళాల పీఆర్‌కి 500 ఇంటూ 500 ఇంటూ 36, కింద 30 ఇంటూ 22 ఇంటూ 22, అంటే సుమారు 620 గ్రాములు.

కానీ ఇందులో పీఆర్ సొంత సస్పెన్షన్ లెక్కలోకి రాలేదు, అదీ ఒక స్ప్రింగే కాబట్టి ట్యూనింగ్‌ని కొంచెం పైకి లాగుతుంది. అందుకే గురి 22 అయితే సూత్రంలో 20 వేయండి, 750 గ్రాములు వస్తుంది. బరువు కట్టాక ఎఫ్‌ఎస్ 9 దగ్గర ఉంటే 20 స్క్వేరూ 9 స్క్వేరూ కూడి రూట్ తీస్తే 21.9, సరిపోయింది కదా. ఈ 750 మొత్తం కదిలే బరువు, కోన్ సొంత బరువుతో కలిపి. డేటాషీట్‌లో కదిలే బరువు 200 అని ఉంటే మీరు కలపాల్సింది 550. గరిష్ఠంగా ఎంత బరువు కలపొచ్చో కూడా డేటాషీట్‌లో ఉంటుంది, అది దాటొద్దు.

10 అంగుళాలవి రెండైతే ఒక్కో పీఆర్‌కి సగం డబ్బా, అంటే 15 లీటర్లు అనుకుని అదే సూత్రం వేయండి, 330 ఎస్‌డీతో ఒక్కోదానికి 650 గ్రాములు వస్తుంది. ఒక పీఆర్‌కి సెట్ చేసిన బరువునే ఉంచేసి పక్కన ఇంకో పీఆర్ అదే బరువుతో కలిపేస్తే ట్యూనింగ్ 22 నుంచి 30 దాకా ఎగబాకుతుంది, రెండు పెడితే ఇంకా లోతు వస్తుందని అనుకునేవాళ్ళకి ఇది షాకు. పీఆర్ వైశాల్యం పెంచిన ప్రతిసారీ బరువు ఇంకా ఎక్కువ పెంచాలి.

బరువుకి హార్డ్‌వేర్ షాపులో దొరికే పెద్ద ఇనుప వాషర్లు చాలు, ఇక్కడ మ్యాగ్నెట్ లేదు కాబట్టి ఇనుము ఇబ్బంది పెట్టదు, డ్రైవర్ మ్యాగ్నెట్‌కి మరీ దగ్గరగా రాకుండా చూసుకుంటే చాలు. వంటింట్లో తూకం మెషీన్ మీద తూచి, పీఆర్ మధ్యలో ఉండే బోల్టుకి ఎక్కించి, నైలాక్ నట్టు (వదులవ్వకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) వేసి బిగించండి. వాషర్ల చిల్లు బోల్టు కంటే వెడల్పుగా ఉంటే ఒక పక్కకి జరుగుతాయి, అప్పుడు కోన్ సూటిగా కాకుండా ఒరిగి ఊగుతుంది, బోల్టుకి టేపు చుట్టి చిల్లు బిగుతు చేయండి.

బిగించడం, లీక్ చూడడం

పీఆర్ డబ్బాకి గాలి ఎక్కడా కారకూడదు, సీల్డ్ కంటే ఇది ఇంకా మొండి. డ్రైవర్‌కీ పీఆర్‌కీ కింద ఫోమ్ గ్యాస్కెట్ టేపు వేయండి, లోపలి జాయింట్లన్నిటికీ సీలెంట్ పూయండి, పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వాడితే మాత్రం పూర్తిగా ఆరి వాసన పోయేదాకా డ్రైవర్ బిగించొద్దు, ఆ ఆవిరి లోహాలకి మంచిది కాదు.

తర్వాత రెండు అరచేతులూ పీఆర్ మీద ఆనించి మెల్లగా సమానంగా ఒక సెంటీమీటర్ లోపలికి నొక్కి పట్టుకోండి. డ్రైవర్ కోన్ బయటికి ఉబ్బాలి, ఉబ్బి కొన్ని సెకన్ల పాటు అలాగే నిలబడి నెమ్మదిగా వెనక్కి రావాలి. నొక్కిన వెంటనే తిరిగి చదునైపోతే ఎక్కడో కారుతోంది, టెర్మినల్ కప్పు చుట్టూ, స్క్రూ చిల్లుల దగ్గర తడి వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలిన చోటే లీక్.

ట్యూనింగ్ ఎక్కడ పడిందో కళ్ళతో పట్టుకోవడం

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా వేసుకుని, వైరుతో ఆంప్‌కి కలిపి, ఆంప్‌లో లో-పాస్ (పై ఫ్రీక్వెన్సీలని కోసేసే ఫిల్టర్) తప్ప మిగతా ఈక్యూలూ (ఈక్వలైజర్లూ) బేస్ బూస్టులూ అన్నీ తీసేయండి. వాల్యూమ్ తక్కువలోనే ఉంచండి, చెవికి దాదాపు ఏమీ వినపడకపోయినా పర్లేదు. 40 హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి ఒక్కో హెర్ట్జ్ దించుకుంటూ రండి. గదిలో లైటు ఆర్పేసి టార్చ్ పక్క నుంచి కొడితే డ్రైవర్ కోన్ అంచు కదలిక మసకగా ఒక పట్టీలా కనిపిస్తుంది. 35 దగ్గర ఆ పట్టీ వెడల్పుగా ఉంటుంది, 28, 26కి వచ్చేసరికి సన్నబడుతుంది, ఒక చోట డ్రైవర్ కదలడం మానేసినట్టు అంచు గీతలా స్పష్టంగా నిలబడుతుంది, ఆ టైంలో పీఆర్ వైపు చూస్తే అది బాగా ఊగుతుంటుంది. అదే మీ ట్యూనింగ్. ఇంకా దించితే డ్రైవర్ మళ్ళీ గట్టిగా కదలడం మొదలెడుతుంది, అక్కడ వాల్యూమ్ అస్సలు పెంచొద్దు.

మైక్ ఉంటే ఇంకా కచ్చితం. మినీడీఎస్‌పీ యూమిక్-1 లాంటిది, ఆర్‌ఈడబ్ల్యూ ఫ్రీ సాఫ్ట్‌వేర్, మైక్‌ని డ్రైవర్ డస్ట్ క్యాప్‌కి సెంటీమీటర్ దూరంలో పెట్టి స్వీప్ (కింది నుంచి పైదాకా సాగే టోన్) కొడితే గ్రాఫ్‌లో ఒక లోతైన గొయ్యి కనపడుతుంది, గొయ్యి అడుగు ఎక్కడుందో అక్కడే ట్యూనింగ్.

24 వచ్చిందనుకోండి, బరువు తక్కువైంది. బరువు దాదాపు ఫ్రీక్వెన్సీ స్క్వేర్‌కి విలోమం కాబట్టి 24ని 22కి దించాలంటే మొత్తం కదిలే బరువుని ఒక 20 శాతం పెంచాలి, 750 ఉంటే 900. సస్పెన్షన్ బరువుతో పాటు మారదు గనక ఈ లెక్క బాగానే నిలబడుతుంది. రెండు పీఆర్‌లుంటే రెండిటికీ గ్రాము తేడా లేకుండా సమానంగా కలపండి, తేడా వస్తే ఒకటి ఎక్కువ ఇంకోటి తక్కువ ఊగి ఆ రద్దయ్యే తోపులు రద్దవ్వడం మానేస్తాయి.

ఫిల్టర్లు

సబ్‌సోనిక్ ఫిల్టర్ అంటే మరీ కింది ఫ్రీక్వెన్సీలని కోసేసేది, కొన్ని ఆంపుల్లో హై-పాస్ అని రాసుంటుంది, ఇది లేకుండా పీఆర్ సబ్‌ని సినిమాకి వాడొద్దు. ట్యూనింగ్ కింద డ్రైవర్‌కి డబ్బా గాలి ఆసరా బాగా తగ్గిపోతుంది, 12 హెర్ట్జ్ సిగ్నల్ వస్తే శబ్దం ఏమీ రాకుండానే కోన్ చివరిదాకా పోయి కొట్టుకుంటుంది. 22కి ట్యూన్ చేసిన సబ్‌కి 18 దగ్గర, ఆక్టేవ్‌కి 24 డీబీ వాలుతో పెట్టండి. ఆంప్‌లో లేకపోతే మధ్యలో చిన్న డీఎస్‌పీ (సిగ్నల్‌ని డిజిటల్‌గా సర్దే పెట్టె) ఒకటి పెట్టుకోవాలి. ట్యూనింగ్ కింద ఈక్యూతో పెంచే ప్రయత్నం మాత్రం చేయొద్దు, అక్కడ ఎంత పెంచినా కదలికే పెరుగుతుంది శబ్దం రాదు.

క్రాసోవర్ 80 దగ్గర పెట్టి మొదలెట్టండి, ఫ్రంట్ స్పీకర్లు చిన్నవైతే 100. ఇది పెద్ద విషయం కాదు, చెవితో సర్దుకోవచ్చు.

గదిలో ఎక్కడ పెట్టాలి

14 అడుగుల పొడవుకి 40 హెర్ట్జ్, 12 అడుగులకి 47, 10 అడుగుల ఎత్తుకి 56, ఈ మూడు చోట్లా గది ఉప్పొంగుతుంది. మూలలో పెడితే మూడూ కలిసి మీద పడతాయి. సబ్‌ని మీరు కూర్చునే సోఫాలోనే పెట్టి, ఒక బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంబడి చెవి నేల దగ్గరికి దించుకుని తిరగండి, ఇంట్లో వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. బేస్ ఎక్కడ బూం లేకుండా సమంగా వినపడిందో సబ్ అక్కడికి మారుతుంది. 40 దగ్గర ఇంకా ఉప్పొంగుతుంటే డీఎస్‌పీలో అక్కడ కోత పెట్టండి, గుంటలని నింపడానికి మాత్రం చూడొద్దు.

పీఆర్ ఉన్న వైపు గోడకి కనీసం 10 సెంటీమీటర్లు వదలండి, కర్టెన్ తగలకూడదు, పిల్లలుంటే ఆ వైపు గ్రిల్ తప్పనిసరి, వేలు పెట్టి నొక్కడానికి దానికంటే ఆకర్షణీయమైన వస్తువు ఇంట్లో ఇంకోటి ఉండదు. కింద మెత్తని రబ్బరు కాళ్ళు వేస్తే స్లాబులోకి దిగే వణుకు తగ్గుతుంది, గాలిలో వెళ్ళే 22 హెర్ట్జ్‌ని మాత్రం ఏ రబ్బరూ ఆపలేదు, అది తలుపులూ స్లాబూ అన్నీ దాటుతుంది. కింద ఫ్లాట్ వాళ్ళతో రాత్రి ఎన్నింటి దాకా ఫర్వాలేదో ముందే మాట్లాడుకుని, ఆ టైం దాటాక ఆన్ చేసుకోడానికి డీఎస్‌పీలో 40 దగ్గర హై-పాస్ ఉన్న రెండో ప్రీసెట్ ఒకటి సేవ్ చేసి పెట్టుకోండి.

రెండు మూడు నెలలు వాడాక ఒకసారి పీఆర్ విప్పి నట్టు చూడండి, వాషర్ల మధ్య సన్నగా చిర్ర్ మని చప్పుడు వస్తుంటే నట్టు వదులైనట్టే, థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేసి మళ్ళీ బిగించి, గ్యాస్కెట్ నలిగి ఉంటే మార్చేసి, అరచేతులతో నొక్కే లీక్ టెస్ట్ ఇంకోసారి చేసుకుని మూసేయండి.